ఎదిగే పిల్లకు ఒక సైజు పెద్దది

చల్లటి సముద్రంలో అలల మీద పలకేసుకుని ఆడేవాళ్ళు ఎలాంటి వెట్‌సూటు కొనుక్కోవాలో సికింద్రాబాదులో కూర్చుని చెప్పి, దానికి జీతం కూడా తీసుకున్నవాణ్ణి నేను. నవ్వుకోండి, ఏం పర్లేదు. ఇవాళ మీరు ఇంట్లో మంచం మీద కూర్చుని ఏ దేశానికో పనిచేసి దాన్ని ఉద్యోగమంటున్నారు కాబట్టి మీకిదేమంత వింతగా ఉండదు. మాకప్పుడు అంతా కొత్త. ఊరు ఊరంతా కంప్యూటర్ జ్వరం పట్టుకున్న రోజులు. మౌసు కదిపినవాడల్లా ఇంజినీరు, ఫోనెత్తినవాడల్లా ఎగ్జిక్యూటివ్.

అంతకుముందు నాది ఫ్యాక్టరీ ఉద్యోగం. స్వచ్ఛంద పదవీ విరమణ అని ముద్దుపేరు పెట్టి మమ్మల్ని గేటు దాటించారు. అందులో స్వచ్ఛందం వాళ్ళది, విరమణ మాది. ఇంట్లో కూర్చుంటే మా ఆవిడ నన్ను చూసే చూపు రోజురోజుకీ మారిపోతోంది. రెజిమెంటల్ బజార్‌లో ఒక మిఠాయి కొట్టు పై అంతస్తులో కాల్ సెంటర్ పెట్టారనీ, ఇంగ్లీషొచ్చిన పెద్దవాళ్ళను సూపర్‌వైజర్లుగా తీసుకుంటున్నారనీ ఎవరో చెబితే వెళ్ళాను.

ఇంటర్వ్యూ చేసిన మేనేజరుది మా పెద్దబ్బాయి వయసు.

"మీది ఏ ఊరు గురువుగారూ?"

"పార్వతీపురం దగ్గర."

"అంటే వైజాగ్ సైడ్. సూపర్. మనకు కావలసింది కోస్టల్ పర్సనే."

మా ఊరివాడు సముద్రం చూడాలంటే బస్సులు మారాలి. మాకున్నవి కొండలు, చింతపండు. నీళ్ళు మోకాలు దాటితే నాకు గుండె దడ. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాను గానీ, అతను అప్పటికే నా పేరు పక్కన "సముద్ర విషయ నిపుణుడు" అని ఇంగ్లీషులో కొట్టేసుకున్నాడు. చేతికొచ్చిన బిరుదు ఎందుకు కాదనాలని ఊరుకున్నాను.

ఇక పని సంగతి. భూగోళానికి కింది సగంలో, మనకంటే ముందే పొద్దు పొడిచే ఓ దేశంలో ఒక వెట్‌సూట్ల కంపెనీ. వాళ్ళ కొట్టుకొచ్చే ఫోన్లన్నీ మా దగ్గర మోగుతాయి. మేం తెల్లవారకుండా వచ్చి హెడ్‌సెట్లు తగిలించుకుంటాం. వెట్‌సూటంటే ఒంటికంతా పట్టే రబ్బరు తొడుగు. లోపలికి కాసిని నీళ్ళు దూరతాయి, వాటిని ఒంటి వేడి వెచ్చబరుస్తుంది, ఆ వెచ్చదనమే మనిషిని కాపాడుతుంది. నీళ్ళు ఎంత చల్లగా ఉంటే రబ్బరు అంత మందంగా ఉండాలి. మాకు చెప్పిన శాస్త్రం ఇంతే.

ఈ శాస్త్రాన్ని మావాళ్ళు తమ అనుభవంతో కలిపి చదువుకున్నారు. "మా దగ్గర నీళ్ళు పద్దెనిమిది డిగ్రీలు" అని అవతలివాడు అనగానే ఇవతల ఫోన్లెత్తే మా పిల్లలకు వణుకు పుట్టేది. సికింద్రాబాదు తిరుమలగిరిలో పద్దెనిమిది డిగ్రీలంటే మంకీ క్యాపు, దాని మీద మఫ్లరు, దాని మీద అమ్మ కేకలు. అందుకని అడిగిన ప్రతివాడికీ అన్నిటికన్నా మందమైన సూటు, తల తొడుగు, చేతి తొడుగులు, కాలి తొడుగులు అంటగట్టారు. అమ్మకాలు ఆకాశాన్నంటాయి, మేనేజరుకు షీల్డు వచ్చింది. తర్వాత ఒకాయన ఫోన్ చేసి, "నేను అలల మీద ఆడుకోవడానికి వెళ్ళాను, ధ్రువప్రాంతానికి కాదు. చెయ్యి వంగితే కదా ఈదడానికి" అని శాపనార్థాలు పెట్టాడు. అప్పుడు అక్కణ్ణుంచి ఒక పట్టిక వచ్చింది, ఇన్ని డిగ్రీలకు ఇంత మందం అని. గోడకు అంటించాం. షీల్డు మాత్రం ఎవరూ వెనక్కి అడగలేదు.

మా జట్టులో బొల్లారం నుంచి వచ్చే ఓ అమ్మాయి ఉండేది. మిగతావాళ్ళు పట్టిక చూసి చదివేస్తే, ఈ అమ్మాయి అవతలివాళ్ళతో మాట్లాడేది. మీరు ఏ బీచికి వెళ్తారు, పొద్దున్నా సాయంత్రమా, చలికి తట్టుకోగలరా అని ఆరా తీసేది. వాళ్ళ నాన్న తిరుమలగిరిలో మిలిటరీ మెస్సులో వంట చేసి రిటైరయ్యాడు. ఆమె ఇంకా ప్రొబేషన్‌లో ఉంది. ఓ రోజు టీ తాగుతూ చెప్పింది.

"మా నాయన ఒక్కటే మాట అన్నడు సార్. ఈ వానాకాలంల పర్మనెంట్ జేస్తె జెయ్యి, లేకుంటె ఫోన్లు బంద్, బి.ఇడి. షురూ అన్నడు."

"టీచరు పని కూడా మంచిదే కదమ్మా."

"మంచిదే సార్. మా అక్క టీచరు, మా వదిన టీచరు. ఇంట్ల అందరు చెప్పెటోళ్ళే, వినెటోళ్ళు లేరు. గీడ నేను ఒకటి చెప్తే, ఎక్కడో ఉన్నామె అవును నిజమే అంటది. నాకు ఇదే మంచిగనిపిస్తది."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం చూస్తే, ఈ ఉద్యోగం ఆమెకు నిలవాలని నాకూ గట్టిగా అనిపించింది. అందరిలాగే ఆమెకూ ఆఫీసు ఒక విదేశీ పేరు పెట్టింది. ఫోన్లో అసలు పేరు చెబితే తప్పు, ఆఫీసు పెట్టిన పేరు బయట వాడితే తప్పు, మన యాస దొర్లితే తప్పు, మనంతట మనం కస్టమరుకు ఫోన్ చేస్తే తప్పు. పొరపాటు జరిగిందని ఒప్పుకోవడం అన్నిటికన్నా మహాపరాధం.

మంచి ఎండాకాలంలో మాకు నమూనాగా ఒక వెట్‌సూటు వచ్చింది. దాన్ని తొడుక్కుని చూపిస్తానని మేనేజరు ముచ్చటపడ్డాడు. నడుము దాకా బానే ఎక్కింది. అక్కణ్ణుంచి ఇద్దరు పట్టుకుని లాగాల్సొచ్చింది. తీరా ఎక్కాక ఊడదు. మిఠాయి కొట్టు పైన, ఏసీ ఆగిపోయిన గదిలో, జారడానికి మెడలోంచి టాల్కం పౌడర్ పోయించుకుంటూ పావుగంట సేపు ఆ మహానుభావుడు నల్ల రబ్బరులో ఉడికాడు. బయటపడ్డాక ఆయనకు జ్ఞానోదయమైంది.

"ఇంత టైట్ అయితే కస్టమర్ ఎట్లా భరిస్తాడు? ఈరోజు నుంచి రూల్. అందరికీ ఒక సైజ్ పెద్దది చెప్పండి. కస్టమర్ కంఫర్ట్."

ఒక్కరైనా ఎదురు చెప్పలేదు. ఎందుకు చెబుతాం? మనమంతా అలా పెరిగినవాళ్ళమే. ఆరో తరగతిలో కుట్టించిన యూనిఫాం ఎనిమిదిలో సరిపోవాలి. కొత్త బూట్ల ముందు భాగంలో దూది కుక్కుకుని బడికి వెళ్ళనివాడెవడు? బట్ట సరిగ్గా సరిపోయిందంటే దర్జీ మోసం చేశాడని అర్థం. తరతరాల ఆ జ్ఞానాన్ని మేం సముద్రాలు దాటించాం.

కొన్నాళ్ళకు ఒక తల్లి ఫోన్ చేసింది. బక్కగా ఉండే తన కూతురు స్కూలు సెలవుల్లో సర్ఫింగ్ క్లాసులో చేరుతోందట. అక్కడ చలికాలం, నీళ్ళు పన్నెండు డిగ్రీలు. బొల్లారం అమ్మాయి పట్టిక చూసి మందం సరిగ్గానే చెప్పింది. సైజు దగ్గర ఆ తల్లి తటపటాయిస్తుంటే, నిండు మనసుతో, "ఎదిగే పిల్ల కదా మేడం, ఒక సైజు పెద్దది తీసుకోండి. వచ్చే ఏడు కూడా వేసుకుంటుంది" అంది. అవతలావిడ నవ్వి, "మా అమ్మ కూడా ఇలాగే అనేది" అందట. సంతోషంగా కొంది. ఆ కాల్‌ను రికార్డింగులో విని మేనేజరు మురిసిపోయాడు. గోడ మీద బొల్లారం అమ్మాయి ఫొటో ఎక్కింది, కింద ఆ విదేశీ పేరుతో. ఇక పర్మనెంట్ ఖాయం అనుకున్నాం.

అప్పుడు ఆ కంపెనీ నుంచి ఒక మనిషి రెండు రోజుల కోసం వస్తున్నాడన్నారు. కాంట్రాక్టు ఇంకొన్నేళ్ళు పొడిగించాలా వద్దా అన్నది అతని చేతుల్లో ఉంది. మెట్లు కడిగించారు, పూలదండ తెప్పించారు. తీరా చూస్తే నిక్కరు, రబ్బరు చెప్పులు, ఎండకు రంగు పోయిన జుట్టు. కింద వాచ్‌మన్ అతన్ని టూరిస్టు అనుకుని స్టేషనుకు దారి చూపించబోయాడు.

అతను కాన్ఫరెన్స్ గదిలో మా అందరినీ కూర్చోబెట్టి, మాలో బక్కగా ఉన్న ఒకతన్ని పిలిచి, తాను తెచ్చిన సూటొకటి వేయించాడు. చర్మంలా అతుక్కుంది. మెడ దగ్గర ఒక జగ్గు ఫ్రిజ్ నీళ్ళు పోశాడు. కాసిని లోపలికి దిగాయేమో, మిగతావి బయటే జారిపోయాయి. తర్వాత అదే మనిషికి ఒక సైజు పెద్దది వేయించి మళ్ళీ జగ్గు వంచాడు. నీళ్ళన్నీ వీపు మీదుగా దిగి చీలమండల దగ్గర ధారగా కార్పెట్ మీద పడ్డాయి. మావాడు చేసిన గోలకు అందరం నవ్వాం. అతను నవ్వలేదు.

"వదులు సూటు వేసుకుంటే ప్రతి అలకూ ఇదే జరుగుతుంది. మీ ఒంటి వేడిని సముద్రం కడుక్కుపోతూనే ఉంటుంది. పెద్దవాళ్ళయితే తెలుసుకుని బయటికొచ్చేస్తారు. పిల్లలు రారు. తోటివాళ్ళ ముందు చలేస్తోందని చెప్పడానికి సిగ్గు. కాసేపటికి చేతులు మాట వినవు. చేతులు మాట వినని పిల్ల లోతులో ఉంటే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు" అన్నాడు.

నా పక్కన కూర్చున్న బొల్లారం అమ్మాయి చెయ్యి నా మోచేతిని పట్టుకుంది.

"సార్, ఆ పిల్లకు క్లాసు రేపే షురూ సార్. అక్కడ పొద్దుగాల."

ఇద్దరం మేనేజర్ని పక్కకు పిలిచాం. సంగతి విని అతను ముందు తలుపు వేశాడు.

"ఇప్పుడా? ఆయన ఇక్కడ కూర్చుని ఉండగానా? మనం అందరికీ తప్పు సైజ్ చెప్పామని తెలిస్తే కాంట్రాక్ట్ ఖతం. రేపు సాయంత్రం ఆయన ఫ్లైట్ ఎక్కనీ. తర్వాత అందరికీ ఒక మెయిల్ పంపుదాం."

"అప్పటికి పిల్ల నీళ్ళల్ల దిగి ఉంటది సార్."

"అక్కడ కోచ్ ఉంటాడు కదా. అయినా మనం చెప్పింది రికమెండేషన్, ఆర్డర్ కాదు. చూడమ్మా, రేపు ఆయన చేతుల మీదుగా నీ కన్ఫర్మేషన్ పెట్టాను. రూల్స్ నీకు తెలుసు. నువ్వు ఫోన్ చేసినట్టు తెలిస్తే నేను కూడా ఏం చెయ్యలేను."

నాకు ఒళ్ళు మండింది. "బాబూ, అదేటి మాట? చిన్నపిల్ల ప్రాణం అది" అన్నాను.

"గురువుగారూ, మీరు సీనియర్లు. మీరే ఎమోషనల్ అయితే ఎలా" అని అతను నా భుజం తట్టి, అతిథికి కొబ్బరినీళ్ళు అందాయో లేదో చూడ్డానికి వెళ్ళాడు.

భోజనాల వేళ ఆ అమ్మాయి బ్యాగు తగిలించుకుని గబగబా మెట్లు దిగుతుంటే వెనకాలే వెళ్ళాను. స్టేషను వైపు వెళ్ళే సందులో విదేశాలకు ఫోన్ చేసుకునే ఒక ఐ.ఎస్.డి. బూత్ ఉండేది. ఆమె అరచేతిలో ఆ తల్లి ఫోన్ నంబరు రాసుకునుంది.

"ఆలోచించుకున్నావా తల్లీ? మీ నాన్న మాట ఉంది మరి."

"ఆలోచిస్తె భయమైతది సార్. అందుకనే ఆలోచిస్తలేను."

బూత్‌లో ఇద్దరికి చోటు లేదు. తలుపు కాస్త తెరిచి పట్టుకుని నేను బయట నిలబడ్డాను. అవతలావిడ ముందు ఇదేదో అమ్మకం బేరమనుకుని పెట్టేయబోయింది. బొల్లారం అమ్మాయి ఆఫీసు యాస వదిలేసింది. మనం మాట్లాడే ఇంగ్లీషులో, ఒక్కో మాటా నిదానంగా చెప్పింది. మా దుకాణంలో మీకు చెప్పిన సైజు తప్పు మేడం. పాపకు సూటు వేసి వీపు దగ్గర పట్టుకుని చూడండి, పిడికిట్లోకి వస్తే వదులన్నట్టే. దాంతో నీళ్ళలోకి పంపకండి. క్లాసు వాళ్ళ దగ్గర ఒంటికి పట్టేది అద్దెకిస్తారేమో అడగండి. మీ కాళ్ళు మొక్కుతా, పంపకండి. ఆ చివరి ముక్క తెలుగులోనే వచ్చేసింది.

ఆవిడ అంతా విని సరేనంది. తర్వాత పేరడిగింది. ఆఫీసు పెట్టిన పేరు బయట వాడకూడదని రూలు కదా, మావాళ్ళ రూళ్ళలో ఆ ఒక్కదాన్ని మాత్రం బొల్లారం అమ్మాయి పాటించింది. అసలు పేరు చెప్పింది. ఆవిడకు పలకడం రాకపోతే ఒక్కో అక్షరం విడగొట్టి రెండుసార్లు చెప్పింది. బూత్‌లోంచి బయటికొచ్చేసరికి చెమటతో ముద్దయింది గానీ ముఖం మాత్రం వెలిగిపోతోంది.

మర్నాడు సన్మానం. కింది కొట్టు నుంచి సమోసాలొచ్చాయి. బల్ల మీద ఆ అమ్మాయికివ్వాల్సిన ప్రశంసాపత్రం, రంగు కాగితం చుట్టిన ఫ్రేములో ఉంది. ఇచ్చే ముందు ఒక కాల్ స్వయంగా వింటానన్నాడు అతిథి. మేనేజరు ఉబ్బిపోయి, వచ్చే కాల్ ఆ అమ్మాయి సీటుకే వచ్చేలా చేసి, స్పీకరు పెట్టించాడు. అందరం చుట్టూ నిలబడ్డాం. ఫోన్ మోగింది. ఆమె ఆఫీసు యాసలో, ఆఫీసు పేరు చెప్పి పలకరించింది.

గది నిండా ఆ తల్లి గొంతు. ఆవిడ మా బొల్లారం అమ్మాయి అసలు పేరు చెప్పి, ఆ అమ్మాయితో మాట్లాడాలి, ఒకసారి ఇస్తారా అని అడిగింది. పేరు ఎక్కడా తప్పు పోకుండా పలికింది.

అతిథి సమోసా పట్టుకుని ఆసక్తిగా వింటున్నాడు. అతని వెనక మేనేజరు ముఖం పాలిపోయింది. ఫోన్ ఎవరు చేశారో అతనికి అప్పటికి అర్థమైంది. ఆమె వైపు చూసి అడ్డంగా తల ఊపాడు. ఆమె నావైపు చూసింది. ఆ అమ్మాయిని నేనేనని ఒప్పుకుంటే ఆమె ఉద్యోగం పోతుంది. కాదంటే ఉంటుంది. బల్ల మీద ఫ్రేము కనబడుతూనే ఉంది.

"సారీ మేడం, ఆ పేరుతో మా దగ్గర ఎవరూ పని చెయ్యడం లేదు" అంది, చక్కటి విదేశీ యాసలో.

"అలాగా. విచిత్రంగా ఉందే" అందావిడ. "పోనీ, ఎప్పుడైనా కనిపిస్తే ఆమెకు ఒక మాట చెబుతారా? నిన్న ఆమె ఫోన్ చేసి చెప్పినట్టే మా పాపకు అద్దెకు బిగుతు సూటు తీసుకున్నాం. ఇవాళ నీళ్ళలోంచి రమ్మన్నా రాలేదు. వదులు సూటు వేసుకొచ్చిన ఇంకో పిల్లను మాత్రం మధ్యలోనే మోసుకొచ్చి దుప్పట్లు చుట్టారు. పెదాలు నీలంగా అయిపోయాయి. ఇప్పుడు బాగానే ఉందట గానీ, ఆ పిల్లను చూస్తుంటే నాకు వణుకొచ్చింది. ఆ అమ్మాయికి నా కృతజ్ఞతలు చెప్పండి."

"చెబుతాను మేడం. మీకు ఇంకేమైనా సహాయం చేయగలనా?"

ప్రతి కాల్ చివరా అనాల్సిన మాట అది. ఒక్క అక్షరం తేడా రాకుండా అంది.

అతిథి చప్పట్లు కొట్టాడు. "చక్కటి కాల్. ఇంతకీ ఆ ఫోన్ చేసిన అమ్మాయెవరో నాకు తెలీదు గానీ, దొరికితే వదలకండి. వెంటనే ఉద్యోగంలో పెట్టుకోండి" అన్నాడు.

"డెఫినెట్‌గా. ఇవాళే వెతికిస్తాను" అన్నాడు మేనేజరు. ఏ ఎండకా గొడుగు పట్టే విద్య మరీ చిన్న వయసులోనే అబ్బింది అతనికి. కాంట్రాక్టు నిలిచింది. వారం తిరక్కుండా, కొనుక్కున్న ప్రతివాళ్ళకూ మనమే ఫోన్ చేసి సైజు సరిచూడాలని కొత్త పద్ధతి పెట్టి, దానికి తన పేరు తగిలించుకుని, ప్రమోషన్ మీద పెద్ద ఆఫీసుకు వెళ్ళాడు. ఆ పద్ధతిని అందరికీ నేర్పే పని మాత్రం సముద్ర నిపుణుడికి అప్పగించాడు.

సన్మానమైన సాయంత్రం ముసురు పట్టింది. బొల్లారం బస్సు కోసం ఇద్దరం నా గొడుగు కింద నిలబడ్డాం. ఫ్రేము ఆమె చేతిలో ఉంది. బంగారు రంగు అక్షరాలు, మధ్యలో ఆ విదేశీ పేరు.

"మీ నాన్న సంతోషిస్తారమ్మా" అన్నాను.

"గిది చూపెడితె, ఎవరిది బిడ్డా ఇది అంటడు సార్."

"పర్మనెంట్ చేసిన కాగితం నీ పేరుతోనే వస్తుందిగా."

"వస్తది" అంది. ఫ్రేము మీద పడ్డ చినుకులు చేత్తో తుడిచింది. తర్వాత, "ఆమె నా పేరు ఎంత మంచిగ పిలిచింది సార్. నిన్న రెండుసార్లే చెప్పిన. ఇయ్యాల యాది పెట్టుకోని, మా అమ్మ పిలిచినట్లే పిలిచింది. నేను లేనని నా నోటితోనే చెప్పిన" అంది.

నేను గొడుగు ఆమె వైపు ఇంకాస్త వంచాను. బస్సు వచ్చింది. ఆమె ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, ఫ్రేమును బోర్లించి ఒళ్ళో పెట్టుకుంది.